ఎవరి డబ్బు, ఎవరి పేరు

పోయినేడు మా అమ్మాయి శాక్రమెంటోలో ఇల్లు కొనుక్కుంది. డౌన్ పేమెంటుకి కొంత తక్కువైతే నేను సర్దాను. డబ్బు పంపిన మర్నాడే, అప్పిచ్చే కంపెనీ నించి నాకో కాయితం వచ్చింది. దాని పేరు గిఫ్ట్ లెటర్. ఈ సొమ్ము మా అమ్మాయికి బహుమతిగా ఇస్తున్నానని, తిరిగి ఇవ్వక్కర్లేదని ఒప్పుకుంటూ నేను సంతకం పెట్టాలిట. "కన్నకూతురికి నాలుగు డబ్బులిస్తే దానికి కూడా కాయితమేనా?" అని మా ఆవిడ విసుక్కుంది. నేనూ విసుక్కుంటూనే పెట్టాను.

సరిగ్గా ఆ రాత్రే ఇండియా నించి అన్నయ్య ఫోను.

"ఒరేయ్, మన మూడెకరాలకీ మంచి బేరం వచ్చింది. కాయితాల్లో నీ పేరుంది గదా. నాకు పవర్ రాసి పంపించు."

"చెల్లాయితో చెప్పావా?"

"దానికేం సంబంధం? దాని పెళ్ళి ఎనభైలోనే అయిపోయింది. రామారావు చట్టం దానికి వర్తించదు."

అన్నయ్య ఆ మాట ఎంత ధీమాగా అన్నాడంటే, నేను కూడా నిజమే కాబోలు అనుకున్నాను. ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. లేచి కంప్యూటర్ ముందు కూచుని మీభూమి వెబ్‌సైట్లో మా ఊరి అడంగల్ తెరిచి చూశాను. మూడెకరాల నల్లరేగడి, పట్టాదారు కాలంలో నా పేరు. అనుభవదారు కాలంలో అన్నయ్య పేరు. నాన్న పేరు నా పేరు పక్కన తండ్రి కాలంలో ఉంది. చెల్లెలి పేరు ఎక్కడా లేదు. అమ్మ పేరు సరేసరి.

ఈ పొలం కథ చిన్నదే. నాన్న గుంటూరు జిల్లాలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. నేను పుట్టిన ఏడాదికి, 1960లో, ఆ పొలం కొన్నాడు. దస్తావేజు నా పేరున రాయించాడు. "మైనరు గనక గార్డియను తండ్రి" అని అందులో ఉంటుంది. అన్నయ్య పేరున ఎందుకు రాయించలేదని అడిగితే అమ్మ, "నీ పేరు కలిసొస్తుందని పంతులుగారు చెప్పారురా" అనేది. అంతకు మించి కారణమేమీ లేదు. నేను 1984లో ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చేశాను. అన్నయ్య ఊళ్ళోనే ఉండి ఆ పొలం దున్నాడు. అమ్మానాన్నల్ని చివరిదాకా చూసుకున్నాడు. నాన్న 1999లో వీలునామా రాయకుండానే పోయాడు. అమ్మ 2011లో పోయింది.

ఇంతకీ ఆ పొలం ఎవరిది? డబ్బిచ్చిన నాన్నదా? పేరున్న నాదా? చెమటోడ్చిన అన్నయ్యదా?

* * *

నేను లాయర్ని కాను. ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్లతో కుస్తీ పట్టినవాణ్ణి. కానీ నేనుండే కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ ఊళ్ళో, లెమన్ స్ట్రీట్ మీద ఒక పాత రెండంతస్తుల చెక్క ఇల్లుంది. దాని ముందు నించి కొన్ని వందలసార్లు వెళ్ళి ఉంటాను. ఆ ఇంటి కథ చదివాక గానీ మా మూడెకరాల ప్రశ్న నాకు సరిగ్గా అర్థం కాలేదు.

ఆ ఇల్లు కొన్నది జూకిచీ హరాడా అనే జపాన్ దేశస్థుడు. ఊళ్ళో భార్య కెన్‌తో కలిసి ఒక హోటలూ, కిరాయి గదులూ నడిపేవాడు. ఆ కిరాయి గదుల ఇరుకులో బతుకుతుండగా చిన్న కొడుకు డిఫ్తీరియా వచ్చి పోయాడు. పిల్లలకి గాలీ వెలుతురూ ఉండే ఇల్లు కావాలని 1915 డిసెంబరులో పదిహేను వందల డాలర్లకి ఈ ఇల్లు కొన్నాడు. అయితే తన పేరున కొనడానికి వీల్లేదు. 1913లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం, అమెరికా పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదు. ఆ రోజుల్లో పౌరసత్వానికి అర్హత తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా సంతతి వాళ్ళకీ మాత్రమే. ఆ చట్టంలో జపాన్ అన్న మాట ఎక్కడా ఉండదు గానీ, ఎవరికోసం రాశారో అందరికీ తెలుసు.

అందుకని హరాడా ఆ ఇంటిని అమెరికాలో పుట్టిన తన ముగ్గురు పిల్లలు మీనె, సుమి, యోషిజోల పేరున రాయించాడు. ముగ్గురూ చిన్నపిల్లలు. పెద్దకొడుకు జపాన్‌లో పుట్టినవాడు గనక అతని పేరు లేదు. చూశారా, ఒకే తండ్రి బిడ్డలు, ఒకే డబ్బు. పుట్టిన రేవుని బట్టి దస్తావేజులో కొందరు ఉన్నారు, ఒకరు లేరు.

చుట్టుపక్కల తెల్లవాళ్ళు కమిటీగా ఏర్పడి, ఎక్కువ డబ్బిస్తాం ఇల్లు మాకు అమ్మెయ్యమన్నారు. హరాడా ఒప్పుకోలేదు. దాంతో రాష్ట్ర ప్రభుత్వం దావా వేసింది. వాదన ఏమిటంటే, డబ్బు తండ్రిది గనక ఇల్లు తండ్రిది, పిల్లల పేర్లు ఒట్టి ముసుగు. మన భాషలో చెప్పాలంటే బినామీ. 1918లో జడ్జి హ్యూ క్రెయిగ్ తీర్పు చెప్పాడు. ఈ గడ్డ మీద పుట్టిన పిల్లలు రాజ్యాంగపు పద్నాలుగో సవరణ ప్రకారం పౌరులు, కాబట్టి ఇల్లు వాళ్ళదే అన్నాడు. అలాగని చట్టాన్ని కొట్టెయ్యలేదు. ఆ చట్టం ఇంకా చాలా ఏళ్ళు బతికింది.

1920లో ఓటర్లే దాన్ని మరింత బిగించారు. అర్హత లేని విదేశీయుడు డబ్బు కట్టి, వేరేవాళ్ళ పేరున భూమి కొంటే, చట్టాన్ని ఎగ్గొట్టడానికే అలా చేశాడని కోర్టు ముందుగానే ఊహించుకోవాలని ఒక సెక్షన్ పెట్టారు. కాదని నిరూపించుకునే బరువు ఆ కుటుంబం మీదే. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులకి కూడా పౌరసత్వానికి అర్హత లేదని చెప్పాక, ఈ ఉచ్చు మనవాళ్ళ మెడకీ పడింది. ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ. ఇంపీరియల్ లోయలో పత్తీ కర్బూజా పండించే పంజాబీ రైతులు చాలామంది మెక్సికన్ స్త్రీలని పెళ్ళి చేసుకున్నారు. తమ పేరున భూమి ఉంచుకునే దారి మూసుకుపోయాక, ఇక్కడ పుట్టిన పిల్లల పేర్లనో, నమ్మకమున్న తెల్లవాళ్ళ పేర్లనో వాడుకున్నారు. మన హైదరాబాదు మీద కూడా పుస్తకాలు రాసిన కేరెన్ లెనర్డ్, ఈ కుటుంబాల చరిత్రని 1992లో 'మేకింగ్ ఎత్నిక్ చాయిసెస్' అన్న పుస్తకంగా తెచ్చారు. భారతీయులకి పౌరసత్వం తలుపు మళ్ళీ తెరుచుకున్నది 1946లోనే.

ఇక అసలు తీర్పుకి వస్తాను. శాన్ డియేగో కౌంటీలో కజిరో ఒయామా అనే జపాన్ రైతు 1934లో ఆరెకరాలు కొని, ఆరేళ్ళ కొడుకు ఫ్రెడ్ పేరున రాయించాడు. నాలుగు వేల డాలర్లు కట్టింది తండ్రే. తర్వాత కోర్టుకి వెళ్ళి కొడుక్కి గార్డియనుగా నియమించుకున్నాడు. 1937లో పక్కనే ఇంకో రెండెకరాలు కూడా అలాగే కొన్నాడు. యుద్ధకాలంలో, 1942లో, పసిఫిక్ తీరంలోని జపాన్ వాళ్ళందర్నీ ఖాళీ చేయించారు. వీళ్ళు ఊరు విడిచి ఉండగానే 1944లో ఆ ఎనిమిదెకరాలూ స్వాధీనం చేసుకోవాలని రాష్ట్రం దావా వేసింది. కింది కోర్టుల్లో రాష్ట్రమే గెలిచింది. సుప్రీంకోర్టులో ఒయామా తరఫున వాదించిన వాళ్ళలో, తర్వాత విదేశాంగ మంత్రి అయిన డీన్ ఆచెసన్ ఉన్నాడు. 1948 జనవరిలో ఫ్రెడ్ గెలిచాడు.

ఆ తీర్పులో నన్ను ఆపేసిన చోటొకటుంది. కాలిఫోర్నియాలో మామూలుగా తండ్రి డబ్బు కట్టి, దస్తావేజు బిడ్డ పేరున రాయిస్తే, అది బిడ్డకిచ్చిన కానుక అని కోర్టు ఊహిస్తుంది. కాదన్నవాడే రుజువు చెయ్యాలి. ఒక్క ఫ్రెడ్ లాంటి పిల్లల విషయంలో మాత్రం ఊహని తలకిందులు చేశారు. తండ్రి ఏ దేశంవాడో చూసి కొడుకు హక్కుని కొలవడం తప్పు అన్నది కోర్టు. ఆ చట్టాన్ని 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెల్లదంది. 1956లో ఓటర్లు రద్దు చేశారు.

* * *

అంటే ఏమిటన్నమాట? కాలిఫోర్నియా లెక్కన చూస్తే మా మూడెకరాలూ నావే. నేనూ ఫ్రెడ్ లాగే మైనర్ని, మా నాన్నా గార్డియనే. కాసేపు నా మనసు తేలికపడిందని ఒప్పుకోవాలి.

కాలిఫోర్నియాకి ఆ ఊహ ఇంగ్లండ్ నించి వచ్చింది. అక్కడ కూడా దానికి మూలం అన్నదమ్ముల తగువే. విల్ట్‌షైర్‌లో హైట్స్‌బరీ అనే చోట సైమన్ డయ్యర్ అనే ఆయన 1737లో తన డబ్బుతో భూమి తీసుకుని, తన పేరూ, భార్య పేరూ, విలియం అనే కొడుకు పేరూ రాయించాడు. భార్య ముందే పోయింది. 1785లో తను పోతూ ఆ భూమిని చిన్నకొడుక్కి వీలునామా రాశాడు. చిన్నవాడు అన్న మీద కోర్టుకెక్కాడు. డబ్బు నాన్నది, నాన్న నాకిచ్చాడు, అన్న పేరు పేరుకే అని అతని వాదన. 1788లో తీర్పొచ్చింది. ఎవరు డబ్బు కడితే ఆస్తి వాళ్ళదే అన్నది మామూలు సూత్రం. కానీ ఆ పేరు కన్నబిడ్డదైతే, బిడ్డ బాగు కోరి తండ్రి ముందే ఇచ్చేశాడని అనుకోవాలి. కాబట్టి విలియందే భూమి.

ఈ సూత్రాన్ని ఇండియాకి తెచ్చి అతికించాలని చూస్తే మాత్రం అతకలేదు. బెంగాల్లో గోసాయి కుటుంబం తగువు ఒకటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. తండ్రి కొడుకు పేరున ఆస్తి కొన్నాడు. అది ఆ కొడుకుదా, కాదా? 1854లో ప్రివీ కౌన్సిల్ ఏమందంటే, హిందూదేశంలో ఆస్తిని ఇంకొకరి పేరున కొనడం మామూలు అలవాటు. కొడుకు పేరున్నంత మాత్రాన తండ్రి అతనికి ఇచ్చేశాడని ఊహించడానికి వీల్లేదు. అది బినామీయే, ఆస్తి తండ్రిదే. కానుక అన్నవాడే రుజువు చెయ్యాలి.

చూడండి తమాషా. పేరు అదే, డబ్బు అదే, తండ్రీకొడుకులు వాళ్ళే. రివర్‌సైడ్‌లో కూచుని చూస్తే పొలం నాది. గుంటూరులో కూచుని చూస్తే నాన్నది. రెండు చోట్లా కోర్టు చేస్తున్నది ఒకటే పని. చనిపోయిన తండ్రి మనసులో ఏముండేదో ఊహించడం. ఆయన నోరు విప్పి ఒక్క మాట చెప్పి ఉంటే ఏ ఊహా అక్కర్లేదు.

పొలం నాన్నదే అనుకుంటే, అన్నయ్య చెప్పిన రామారావు చట్టం మాట కూడా నిలవదు. 1985లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఆ సవరణ, పెళ్ళికాని ఆడపిల్లకి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో, అంటే తాతల నాటి ఆస్తిలో, కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఇచ్చింది, పెళ్ళి షరతు కూడా తీసేసింది. అయితే మా పొలం తాతలది కాదు, నాన్న స్వార్జితం. స్వార్జితం వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కొడుకులూ కూతుళ్ళూ భార్యా అందరికీ సమాన వాటాలు. కూతురి పెళ్ళి ఎప్పుడైందన్న ప్రశ్నే రాదు. అంటే ఆ ఆస్తిలో మా చెల్లెలికి హక్కు ఉండడానికి ఏ రామారావూ రానక్కర్లేదు. మన ఊళ్ళల్లో ఈ రెండూ కలిపేసి, "ఎనభై అయిదుకి ముందు పెళ్ళయిన పిల్లకి ఏమీ రాదు" అని ఎంతమంది నోళ్ళు మూయించారో!

తర్వాత 1988లో బినామీ చట్టమొకటి, దానికి 2016లో సవరణలూ వచ్చాయి. వాటి లోతుల్లోకి నేను దిగను. దిగితే మళ్ళీ పైకి రావడానికి ఒక జీవితకాలం పడుతుందని మా ఊరి ప్లీడరుగారే అన్నారు.

* * *

ఈ సంగతులన్నీ అన్నయ్యకి చెప్పాను. వాడు ఓపిగ్గా విని, ఒకే ఒక్క మాటన్నాడు.

"సరేరా. పొలం నాన్న డబ్బే. మరి నీ చదువు ఎవరి డబ్బు? అందులో మాకు వాటా ఉందా?"

నాకు నోట మాట రాలేదు. అది ఉక్రోషంతో అన్న మాట కాదు. ఒకప్పుడు నిజంగా కోర్టుల్లో నలిగిన ప్రశ్న. ఉమ్మడి కుటుంబం ఖర్చుతో ప్రత్యేక విద్య నేర్చుకుంటే, ఆ విద్యతో వచ్చిన సంపాదన కుటుంబం అందరిదీ అన్నది పాత ధర్మశాస్త్రపు మాట. మద్రాసు హైకోర్టులో 1864 నాటి చలకొండ వారి కేసులో ఒక నాట్యకత్తె సంపాదన గురించి ఈ ప్రశ్న వచ్చింది. 1872 నాటి దూర్వాసుల వారి కేసులో ఒక వకీలు సంపాదన గురించి వచ్చింది. ఇంటిపేర్లు చూస్తేనే తెలుస్తోంది, ఇవి మనవాళ్ళ తగువులని. 1921లో ప్రివీ కౌన్సిల్ అయితే, కుటుంబం డబ్బుతో ఇంగ్లండ్ వెళ్ళి ఐ.సి.ఎస్. అయినవాడి సంపాదన కూడా ఉమ్మడిదే అంది. చదువుకున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. చివరికి 1930లో ఎం.ఆర్. జయకర్ పూనికతో విద్యార్జిత చట్టం వచ్చింది. ఎవరి డబ్బుతో చదివినా సరే, చదువు వల్ల వచ్చిన సంపాదన చదివినవాడిదే అని తేల్చింది.

ఆ చట్టమే లేకపోతే, రివర్‌సైడ్‌లోని నా ఇంట్లో అన్నయ్య వాటా ఎంతో ఆలోచించండి. అమెరికాలో మనలో ఎంతమంది ఇళ్ళలో, ఊళ్ళో ఉండిపోయిన అన్నల, అక్కల వాటాలు ఉండేవో కూడా ఆలోచించండి. చట్టం నన్ను వదిలేసింది. అన్నయ్య ప్రశ్న వదల్లేదు. నాన్న జీతంలోంచి నా హాస్టలు ఫీజు వెళ్తున్న ఆ నాలుగేళ్ళూ వాడు కాలేజీ మానేసి నాగలి పట్టాడు.

ఇంకో సంగతి. నేనిప్పుడు అమెరికా పౌరుణ్ణి. ఇండియాలో సాగుభూమి కొనడానికి నాలాంటివాళ్ళకి నిబంధనలు ఒప్పుకోవు. అంతకు ముందున్నది ఉంచుకోవచ్చు. వారసత్వంగా రావచ్చు. వదులుకోవాలంటే అక్కడ ఉండే భారత పౌరుడికే ఇవ్వాలి. ఒయామాకి జరిగిన అన్యాయంతో దీన్ని పోల్చడం లేదు. కాకపోతే, నేను రేపు పోతే ఈ మూడెకరాలు, ఆ ఊరి పేరు కూడా సరిగ్గా పలకలేని నా పిల్లలిద్దరి నెత్తిన పడతాయి. అప్పుడు మా చెల్లెలు ఎవర్ని అడగాలి?

* * *

ఇన్ని చదివానే గానీ, చెల్లెలితో మాట్లాడ్డం అప్పటిదాకా వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి ఒక ఆదివారం చేశాను. నా పరిశోధనంతా చెప్పి, నీకు మూడో వంతు వస్తుందమ్మా అన్నాను, ఏదో నేనే ఇస్తున్నట్టు.

"చిన్నన్నయ్యా, నాన్న డబ్బు, నాన్న డబ్బు అంటున్నావు. బడిపంతులు జీతంతో మూడెకరాలు ఎలా వస్తాయి? అమ్మ గొలుసు అమ్మారు. అయిదు పేటల చంద్రహారం. వాళ్ళ పుట్టింటివాళ్ళు పెట్టింది. అమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పిందో, నువ్వు పుడతావని తెలిస్తే అమ్మనిచ్చేదాన్ని కాదే అని. అది ఉంటే నాకు వచ్చేది గదా?"

నాకు తెలియదు. అన్నయ్యకీ తెలియదు. నిజానికి మేమిద్దరం ఎప్పుడూ అడగలేదు.

తల్లి బంగారం కూతురికి చేరడం మన పాత స్త్రీధనపు ఆనవాయితీ. ఆ బంగారం 1960లో మట్టిగా మారి, నా పేరున రిజిస్టరై, అన్నయ్య నాగలి కిందికి వెళ్ళింది. అరవై ఏళ్ళకి పైగా ఏ రికార్డులోనూ అది బంగారమని లేదు. మళ్ళీ ఒకసారి ఆ కేసులన్నీ తలుచుకున్నాను. సైమన్ డయ్యర్, గోసాయిలు, హరాడా, ఒయామా. ప్రతిచోటా "తండ్రి కట్టిన డబ్బు" అనే చర్చ. హరాడా హోటల్లో చాకిరీ చేసిన కెన్ వాటా ఎంతని రివర్‌సైడ్ కోర్టులో విచారించాల్సిన పని ఎవరికీ పడలేదు. ఆవిడా, ఆవిడ భర్తా యుద్ధకాలంలో యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలోనే పోయారు. యుద్ధం అయ్యాక లెమన్ స్ట్రీట్ ఇంటికి తిరిగొచ్చి, దాన్ని నిలబెట్టి, 2000లో పోయేదాకా ఆ ఇంటితో ఉన్నది కూతురు సుమి. ఆ ఇల్లు 1990 నించి జాతీయ చారిత్రక కట్టడం.

తర్వాత ఏం చేశామో చెప్పి ముగిస్తాను. ముగ్గురం ఫోనులో కూచున్నాం. రెండు నెలలు అన్నయ్య సరిగ్గా మాట్లాడలేదు. గొలుసు సంగతి విన్నాక మాత్రం వాడు వాదించడం మానేశాడు. నేను పవర్ ఆఫ్ అటార్నీ రాసి, కాన్సులేట్ ముద్ర వేయించి పంపాను. అమ్మకానికి కాదు. చెల్లెలికి ఒక ఎకరం, మిగతా రెండూ అన్నయ్యకి సెటిల్‌మెంటు దస్తావేజు రాయడానికి. నా వంతు ఎకరం నా చదువు కింద జమ వేసుకోమన్నాను. అన్నయ్య నవ్వి, "వడ్డీ ఎవరిస్తారురా?" అన్నాడు. చెల్లెలు తన ఎకరం అమ్మనంది. వాళ్ళిద్దరి మధ్యా గట్టు ఎక్కడ వెయ్యాలన్నది ఇంకా తేలలేదు.

ఆ వారమే నేను మరో పని చేశాను. మా అబ్బాయి ఇల్లు కొన్న అక్కని వేళాకోళం చేస్తూ, "నాన్నా, మరి నాకు?" అని అప్పటికి రెండుసార్లు అన్నాడు. కాలిఫోర్నియా ప్రొబేట్ కోడ్ 6409వ సెక్షన్ ప్రకారం, వీలునామా లేకుండా పోయినవాడు బతికుండగా ఒక బిడ్డకిచ్చింది ఆ బిడ్డ వాటాలోంచి తగ్గించాలంటే, ఇచ్చినప్పుడే ఆ మాట రాసి ఉండాలి, లేదా పుచ్చుకున్నవాళ్ళు రాసి ఒప్పుకోవాలి. లేకపోతే లెక్కలోకి రాదు. అమ్మాయికి ఎంతిచ్చామో, ఎందుకిచ్చామో, అందులో వాళ్ళమ్మ సంపాదన ఎంతో రాసి, వీలునామా రాయించి, ఇద్దరం సంతకాలు పెట్టి, పిల్లలిద్దరికీ చెరో కాపీ ఇచ్చాం. అప్పిచ్చే కంపెనీ అడిగిన ఆ గిఫ్ట్ లెటర్ మీద నాకిప్పుడు విసుగు లేదు. మా నాన్నని కూడా 1960లో ఎవరైనా అలా కూచోబెట్టి ఒక్క కాయితం రాయించి ఉంటే బాగుండేది.

మీకు అమ్మానాన్నలు ఇంకా ఉంటే, ఈసారి ఊరెళ్ళినప్పుడు అడగండి. ఏది ఎవరి కోసం కొన్నారో, దేన్ని అమ్మి కొన్నారో. నేను అడగలేదు. పోయిన నెల చెల్లెలు, ఆ చంద్రహారం అమ్మ మెళ్ళో ఉన్న ఫొటో ఏదైనా నీ దగ్గరుందా అని అడిగింది. పాత ఆల్బములన్నీ తిరగేశాను. ఉన్న ఫొటోలన్నీ 1960 తర్వాతవే.